కైకలూరు చేపకు తెలుగే వచ్చు

డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్త రోజుల్లో, అంటే నాకు ఇరవై రెండేళ్లప్పుడు, లోకంలోని గొడవలన్నీ ఉన్న మాట ఉన్నట్టు చెప్పడం వల్లే వస్తాయని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఒకరన్న మాటను రెండోవారికి చేరవేసేటప్పుడు కాస్త తొక్క తీసి, గింజలు ఏరేసి ఇస్తే ఎవరికీ ఏ బాధా ఉండదు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నా మొదటి ఉద్యోగానికి ఆ నమ్మకమే ఆధారం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంటర్, బీకాం, ఆపైన బెంజి సర్కిల్ దగ్గర మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీషు. (అందులో ఒక నెల సారుకి డెంగీ.) ఆ కోర్సు మొత్తంలో "డెఫినెట్లీ", "నో ప్రాబ్లమ్" అనే రెండు ముక్కలు నాకు బాగా పట్టుబడ్డాయి. వాటితోనే ఇంటర్వ్యూ గట్టెక్కాను. విదేశాల నుంచి మా వైపు పనిమీద వచ్చే కుటుంబాలకి ఇల్లు, గ్యాసు, స్కూలు, పనిమనిషి అన్నీ కుదిర్చిపెట్టే చిన్న ఆఫీసు అది. "ఇంగ్లీషు వచ్చా అమ్మా?" అన్నారు మేనేజరు గారు. "డెఫినెట్లీ సార్." "వాళ్లతో ఓపిగ్గా ఉండాలి." "నో ప్రాబ్లమ్ సార్." మర్నాడే నాకు పోలండ్ దేశం వాళ్లని అప్పగించేశారు. పోలండ్ ఎక్కడుందో ఆ సాయంత్రం ఫోనులో చూసుకుని, మా అమ్మకి "హాలండ్ పక్కనేలే" అని చెప్పాను. (మధ్యలో జర్మనీ అడ్డమున్న సంగతి చెప్పలేదు. చెప్పి ఏం ప్రయోజనం?)

వాళ్లలో ఇంజనీరు గారు హనుమాన్ జంక్షన్ అవతల కొత్తగా కడుతున్న చేపల మేత ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చారు. రెండేళ్ల పైచిలుకు పని. ఆరున్నర అడుగుల మనిషి కావడంతో వచ్చిన వారంలోనే మా ఊరి గుమ్మాలన్నిటితోనూ ఆయన నుదుటికి పరిచయమైపోయింది. ఆయన భార్య, అంటే మేడమ్, సన్నగా, నెమ్మదిగా ఉండేవారు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో ఇంగ్లీషు మాటనీ ఏరుకుని మాట్లాడేవారు. వాళ్లకి ఏడేళ్ల పాప. మొక్కజొన్న పీచు రంగు జుట్టు, ఎప్పుడూ ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుండే చూపు. అసలు పేరు నా నోరు తిరగక, మా అమ్మ చూడగానే పిలిచిన "బుజ్జమ్మ" అనే పేరుతోనే నేనూ సరిపెట్టేశాను. గుణదలలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో వాళ్లని దింపాం. సరిగ్గా వాళ్ల కింది ఫ్లాటులో ఒక రిటైరైన మాస్టారూ, ఆయన భార్యా ఉండేవారు. గుడ్డు కూడా గుమ్మం దాటని ఇల్లు. మాస్టారు అపార్ట్‌మెంటు సెక్రటరీ కూడా. లిఫ్టు పక్కన నోటీసులు రాసి అంటించడం ఆయన ప్రధాన వ్యాపకం. అన్నీ తెలుగులోనే, అదీ గ్రాంథికంలో.

మా పోలండ్ వాళ్లకి ఊళ్లు తిరగడమంటే పిచ్చి. ఆదివారం నేను ఉదయం గుడి చూసుకుని వచ్చేసరికి కారు సిద్ధంగా ఉండేది. కొండపల్లి వెళ్లాం, కూచిపూడి వెళ్లాం, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు దిగాం. వెళ్లిన ప్రతి చోటా జనం మూగేవారు, బుజ్జమ్మ బుగ్గలు గిల్లేవారు, ఆ పిల్ల వాళ్లమ్మ గౌను వెనక దాక్కునేది. కూచిపూడిలో ఒక పెద్దావిడ పాప చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "ఇదేంటమ్మా, ఇంత పాలిపోయుంది? కామెర్లేమో చూపించారా? ఈ తల్లి పిల్లకి అన్నం పెడతందా లేదా?" అంది. ఏమన్నారని మేడమ్ అడిగితే, "మీ పాప దేవతలా ఉందంటున్నారు" అన్నాను. మేడమ్ ముఖం వెలిగింది. కొండపల్లిలో ఇంకొకాయన ఇంజనీరు గారిని చూసి "ఈయన మంచం ఎట్టా సరిపోతాదండీ?" అంటే, అది "చాలా హుందాగా ఉన్నారు" అయింది. హనుమాన్ జంక్షన్‌లో మేడమ్ పంచదార లేని టీ అడిగినప్పుడు టీ కొట్టాయన "ఆవిడకి షుగరా, పాపం, ఈ వయసులోనే" అని నిట్టూరిస్తే, "మీ అభిరుచి గొప్పదంటున్నాడు" అని చెప్పాను. అలా ఐదు నెలల పాటు కృష్ణా జిల్లా ప్రజలందరి చేతా ఆ కుటుంబానికి కితాబులు ఇప్పించాను. నా అంత బాగా పనిచేసేవాళ్లు లేరని నాకు నేనే మురిసిపోయాను.

మురిసిపోనిది బుజ్జమ్మ ఒక్కతే. స్కూల్లో నోరు విప్పేది కాదు. "పాప బంగారం అండీ, అసలు గొడవే చెయ్యదు" అని టీచరమ్మ మెచ్చుకుంటే, దాన్ని మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను. అదే మేడమ్‌ని ఏడిపించింది. డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతూ మేడమ్ ఆ మాట అన్నారు. "అక్కడ నా కూతురు పక్షిలా మాట్లాడేది. ఇక్కడ ఐదు నెలలుగా గుసగుసలే. క్రిస్మస్ అవగానే దాన్ని తీసుకుని వెళ్లిపోతున్నాను. ఆయన ఒక్కరే ఉంటారు." ఇంజనీరు గారు పక్కనే ఉన్నారు. ఎప్పుడూ వంగని మనిషి వంగి, అక్కర్లేకపోయినా చెప్పుల పట్టీలు సరిచేసుకున్నారు. (మొదట నా ఉద్యోగం గుర్తొచ్చిందన్న మాట ఒప్పుకోవాలి. ఆ తర్వాతే బుజ్జమ్మ గుర్తొచ్చింది. కానీ వెంటనే గుర్తొచ్చింది.) "అయితే ఈ క్రిస్మస్ మీ ఇంట్లో జరిగినట్టే జరిపిద్దాం మేడమ్. ఏం కావాలో చెప్పండి, అన్నీ నేను తెస్తాను. డెఫినెట్లీ" అనేశాను.

మేడమ్ చెప్పారు. వాళ్లకి పండగంతా ఇరవై నాలుగో తారీఖు సాయంత్రమేనట. ఆకాశంలో తొలి చుక్క పొడిచాక భోజనం. పన్నెండు రకాలు వండాలి, మాంసం ఉండకూడదు, చేప ఉండొచ్చు. బల్ల మీద గుడ్డ కింద గుప్పెడు గడ్డి పరవాలి, ప్రభువు పశువుల పాకలో పుట్టాడు కాబట్టి. పిలవకుండా వచ్చే అతిథి కోసం ఒక కంచం అదనంగా పెట్టి ఉంచాలి. గసగసాలు, బీట్‌రూట్లు, తేనె అనేసరికి నాకు ధైర్యం వచ్చింది, అన్నీ గాంధీనగర్‌లో దొరికేవే. చివర్లో "ఒక కార్ప్. బతికున్నది. రెండు రోజుల ముందే తెచ్చి నీళ్లతొట్టిలో ఉంచాలి. మా నాన్న ఎప్పుడూ అలాగే చేసేవారు" అన్నారు. ఫోనులో బొమ్మ చూపించారు. నాకు చేప అంటే పులుసులోంచి తెలుసు గానీ, నీళ్లలోంచి తెలియదు. అయినా నాకేం భయం, కైకలూరులో చెరువులున్న మా మావయ్య ఉండగా.

ఆ బొమ్మ మావయ్యకి పంపి ఫోన్ చేశాను. "ఓసి నీ దుంపతెగ! అది బంగారుతీగే అమ్మడూ!" అన్నాడు మావయ్య. "ముళ్ల చేప. చెరువు గట్లన్నీ తవ్విపోసుద్ది. వలలో పడితే ఇసుక్కుని అవతల పారేత్తాం. దేశంకాని దేశం నుంచొచ్చినోళ్లకి అది పెడతావా? మన పరువేం కాను? ఎనిమిది కేజీల బొచ్చె పంపిత్తా, ఇగురు పెట్టించు, మళ్లీ వాళ్ల దేశం పొమ్మన్నా పోరు." "మావయ్యా, వాళ్లకి అదే కావాలి. బతికున్నదే కావాలి." "బతికున్నదాన్నేం చేసుకుంటారే?" "రెండ్రోజులు బాత్‌రూములో పెట్టుకుంటారంట." "సరేలే. ఎవరి ఆచారం వాళ్లది" అన్నాడు మావయ్య, ఆసుపత్రిలో పేషెంటు గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించి. ఏమన్నారని మేడమ్ అడిగారు. "చాలా సంతోషించారు" అన్నాను.

ఇరవై రెండో తారీఖు పొద్దున్నే ట్రాలీ ఆటోలో మావయ్య దిగాడు. నీలం డ్రమ్ములో చేప, దానికి గాలి పంపే చిన్న మోటారు, పక్కన ఎండుగడ్డి. మేడమ్ అడిగింది గుప్పెడు, మావయ్య తెచ్చింది మోపు. వాచ్‌మన్ అది చూసి, "పైన గేదెను గాని పెడుతున్నారా అమ్మా? మాస్టారికి చెప్పారా?" అని అడిగాడు. ఆ ఫ్లాటులో స్నానాల తొట్టి లేదు కాబట్టి మా ఇంట్లోంచి మా అమ్మమ్మ నాటి గంగాళం తెచ్చి రెండో బాత్‌రూములో పెట్టాను. (సొట్ట పడితే నన్ను ఇంట్లోకి రానివ్వనని మా అమ్మ ముందే చెప్పింది.) మావయ్య చేపని అందులోకి జారవిడిచాడు. రెండు కేజీలుంటుంది, పొట్ట దగ్గర నిజంగానే బంగారు రంగు, పైపెదవి పక్కన రెండు చిన్న మీసాలు. బుజ్జమ్మ తలుపు చాటు నుంచి చూస్తోంది. కాసేపటికి ఒక అడుగు, ఇంకాసేపటికి ఇంకో అడుగు. చివరికి గంగాళం పక్కన గొంతుక్కూర్చుని వాళ్ల భాషలో చేపతో ఏదో గుసగుసలాడింది.

"ఏంటి పాపా, దానికి నీ మాట ఏం తెలుసుద్ది?" అన్నాడు మావయ్య, పక్కనే కూలబడుతూ. "ఇది కైకలూరు చేప. పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. దీనికి తెలుగు తప్ప ఇంకోటి రాదు." నేను నవ్వుతూ అది ఇంగ్లీషులో చెప్పాను, ఇంజనీరు గారు నవ్వుతూ వాళ్ల భాషలో చెప్పారు. నవ్వనిది బుజ్జమ్మ. చాలా సబబైన మాట విన్నట్టు తలూపి, వాళ్ల నాన్న ద్వారా నన్ను అడిగింది: దగ్గరికి రమ్మనాలంటే ఏమనాలి? "దా" అన్నాను. తినమనాలంటే? "తిను." దీని పేరేంటి? మావయ్య చెప్పాడు: "బంగారుతీగ." అంత పొడుగు పేరు ఎందుకనుకుందో ఏమో, నీళ్లలోకి వంగి, ఐదు నెలల్లో మొదటిసారి గుసగుస కాని గొంతుతో, "దా బంగారు, తిను" అంది. గుమ్మంలో నిలబడ్డ మేడమ్ తలుపు రెక్క పట్టుకున్నారు.

ఆ రెండు రోజులూ నాకు పని అంటే బుజ్జమ్మకి మాటలు అందించడమే. "నిద్రొస్తోందా?" కావాలి. "ఆకలేస్తోందా?" కావాలి. "చలిగా ఉందా?", "మీ అమ్మ ఎక్కడుంది?", "భయపడకు." ఈ చివరిది మూడుసార్లు చెప్పించుకుంది. నేను చెప్పిన మాట నోట్లో వేసుకుని బాత్‌రూములోకి పరుగెత్తి, చేపకి అప్పజెప్పి, ఇంకో మాట కోసం మళ్లీ వచ్చేది. చేప మీసాలు ఆడించడం తప్ప ఏమీ అనేది కాదు. అదే బుజ్జమ్మకి నచ్చినట్టుంది. బుగ్గలు గిల్లదు, ఫొటో దిగుదామనదు. నేను మాత్రం ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నం ఏం జరగాలో తలుచుకోకుండా నెట్టుకొచ్చాను. మేడమ్ కూడా తలుచుకోవడం లేదని నాకు తెలుసు. ఎందుకంటే కత్తికి పదును పెట్టించమని చెప్పడం ఆవిడ రెండుసార్లు మర్చిపోయారు.

ఇరవై నాలుగో తారీఖు పొద్దున బంగారుకి వాన చూపించాలని బుజ్జమ్మ గంగాళం మీద పంపు తిప్పి, పాలు తాగడానికి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. మేమంతా వంటింట్లో బీట్‌రూట్ల మీద ఉన్నాం. బాత్‌రూము గడప దాటి నీళ్లు నా కాలికి తగిలేసరికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మాస్టారు. పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి ఉంది, భుజం మీద తుండు తడిసి ఉంది. నా వెనకే మేడమ్ వచ్చారు.

"ఏమ్మా, పైన ఏం చేస్తున్నారు మీరు?" అన్నారు మాస్టారు. ముఖం జేవురించి ఉంది. "మా పూజగదిలో వాన కురుస్తోంది. అదీ మామూలు నీళ్లా? నీసు వాసన! దేవుడి పటాల మీద చేప నీళ్లా? గడ్డి మోపు వచ్చినప్పుడే అనుకున్నాను. ఆవిడకి చెప్పు, ఇవాళే ఓనరుకి ఫోన్ చేసి ఖాళీ చేయిస్తాను."

"ఏమంటున్నారు?" అన్నారు మేడమ్.

నేను ఊపిరి పీల్చుకుని, "మీకు క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చారు" అన్నాను ఇంగ్లీషులో. "అలాగే, ఈ ఊళ్లో వేసవిలో నీటికి కొంచెం ఇబ్బంది కాబట్టి, నీళ్లు జాగ్రత్తగా వాడుకోమంటున్నారు."

"మరి ముఖం అంత ఎర్రగా ఉందేం?"

"మెట్లెక్కి వచ్చారు కదా." (ఎక్కింది ఒక్క అంతస్తు.)

మేడమ్ కళ్లు చెమర్చాయి. ఈ భవనంలో తనకి పండగ శుభాకాంక్షలు చెప్పిన మొదటి మనిషి ఈయనేనన్నారు. "ఈ రాత్రి మా బల్ల మీద అతిథి కోసం ఒక కంచం ఖాళీగా ఉంటుంది, ఆయనా, ఆయన భార్యా భోజనానికి వస్తే మాకు అదృష్టం, చుక్క పొడిచే వేళకి రమ్మని చెప్పు" అన్నారు. నేను మాస్టారి వైపు తిరిగి వినయంగా, "ఆవిడ చాలా బాధపడుతున్నారండీ. క్షమించమంటున్నారు. మనిషిని పంపి మీ పూజగది శుభ్రం చేయిస్తారంట. ఇంకెప్పుడూ ఇలా జరగదంటున్నారు" అన్నాను. మాస్టారు నా ముఖంలోకి అదోలా చూశారు. తర్వాత మేడమ్ ముఖంలోకి చూశారు. "ఓహో. అలా అన్నారా?" అని, పంచె దించుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు. గండం గడిచిందని నా తెలివికి నేనే జోహారు చెప్పుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి అసలు గండం వచ్చింది. వాళ్లింట్లో ఈ పని ఎప్పుడూ మేడమ్ వాళ్ల నాన్నదేనట. ఇంజనీరు గారు కత్తి తీసుకుని బాత్‌రూము దాకా వెళ్లి, చేప వైపు చూసి, చేప ఆయన వైపు చూస్తే, "నేను యంత్రాలు విప్పగలను" అని చెప్పి వెనక్కి వచ్చేశారు. ఇద్దరూ నా వైపు చూశారు. చేప కొయ్యడం వచ్చా అని పది రోజుల కిందటే మేడమ్ నన్ను అడిగారు. నేనేమన్నానో మీకు తెలిసే ఉంటుంది. నిజానికి మా ఇంటికి చేప ముక్కలుగానే వస్తుంది. మార్కెట్లో కొట్టించేటప్పుడు కూడా నేను పక్కకి తిరిగి కొత్తిమీర బేరం చేసే మనిషిని. అయినా పరువు ఒకటి ఏడిసింది కదా, కత్తి అందుకుని చీరకొంగు బిగించుకోబోయి, వేసుకున్నది చుడీదారని గుర్తొచ్చి, చున్నీ బిగించుకుని బయల్దేరాను.

బుజ్జమ్మ గంగాళం పక్కన కూర్చుని ఉంది. మోచేతి దాకా చెయ్యి నీళ్లలో పెట్టి, చేప వీపు మీద వేళ్లు ఆనించింది. నేను వచ్చింది చూడలేదు. "బంగారు" అంటోంది మెల్లగా, "భయపడకు. నేనున్నా కదా."

"నేనున్నా కదా" అన్నది నేను నేర్పలేదు. రెండు రోజుల కింద ట్రాలీ ఆటో దగ్గర కుక్క అరిస్తే మావయ్య ఆ పిల్లతో అన్న మాట అది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనక నుంచి మేడమ్ గొంతు వినిపించింది: "అది ఏమంటోంది?" కన్నతల్లికి కూతురి మాట చెప్పడానికి మధ్యలో నేను కావలసి వచ్చింది. అలవాటు ప్రకారం నా నోట్లో ఒక మాట సిద్ధంగానే ఉంది, చేపకి పండగ శుభాకాంక్షలు చెబుతోందని. అది అనేస్తే ఏ చిక్కూ ఉండేది కాదు. కానీ ఐదు నెలలుగా వాళ్లమ్మ గౌను వెనక దాక్కున్న పిల్ల ఇవాళ ఇంకొక ప్రాణికి ధైర్యం చెబుతోంటే, ఆ మాటను మార్చడం నాకు చేతకాలేదు. "భయపడకు, నేనున్నా కదా అంటోంది మేడమ్. చేపతో" అన్నాను. నా ఇంగ్లీషు కూడా సరిగ్గా రాలేదు.

మేడమ్ నా చేతిలోంచి కత్తి తీసుకుని కిటికీలో పెట్టారు. తడి గడప మీదే కూర్చుని కూతురిని వాళ్ల భాషలో ఏదో అడిగారు. బుజ్జమ్మ జవాబు చెప్పింది. చెబుతూనే ఉంది. నిజంగానే పక్షిలా. ఐదు నెలల మాటలు ఒక్కసారి తలుపు తీసుకుని బయటికొచ్చినట్టు, మధ్యమధ్య ఏడుస్తూ, మధ్యలో ఒకసారి నవ్వి, మళ్లీ చెబుతూ. ఇంజనీరు గారు నా పక్కన నిలబడి వింటున్నారు. ఏమంటోందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అరగంట తర్వాత మేడమ్ లేచి, ముక్కు తుడుచుకుని, "చేప లేని పండగంటే మా నాన్న ఒప్పుకోరు. కానీ ఆయన ఇక్కడ లేరు కదా" అని చెప్పి, బంగాళాదుంపలు ఉడికించడానికి వెళ్లిపోయారు.

సాయంత్రానికి లెక్క చూస్తే పదకొండు వంటకాలే తేలాయి. బీట్‌రూట్ చారు, లోపల కూరతో ఉడికించిన కజ్జికాయల్లాంటివి, గసగసాల కేకు, అదీ ఇదీ కలిపి పదకొండు. పన్నెండోది గంగాళంలో ఈదుతోంది. "ఫర్వాలేదు" అన్నారు మేడమ్, ఫర్వా ఉన్న గొంతుతో. బాల్కనీలో బుజ్జమ్మ తొలి చుక్క కోసం కాపలా కాస్తోంది. డిసెంబరు మంచూ దుమ్మూ కలిసి ఆకాశం మజ్జిగలా ఉంది. ఒకటి మెరిస్తే కేరింత కొట్టింది గానీ అది గన్నవరంలో దిగబోతున్న విమానం. ఇంతలో ఎదురింటి వాళ్లు డాబా మీద కట్టిన పెద్ద కాగితం నక్షత్రంలో దీపం వెలిగించారు. "అదిగో! చుక్క!" అంది బుజ్జమ్మ, తెలుగులోనే. అది నిజం చుక్క కాదని ఇంజనీరు గారు చెప్పబోతే, మేడమ్ ఆయన చెయ్యి నొక్కారు. అందరం బల్ల దగ్గరికి నడిచాం. అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీశాను. మాస్టారు. ఓనరుని వెంటబెట్టుకుని వచ్చారనుకున్నాను. తీరా చూస్తే పక్కన పట్టుచీరలో ఆయన భార్య, ఆవిడ చేతుల్లో మూత పెట్టిన స్టీలు గిన్నె. మాస్టారు కూడా ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. నన్ను దాటుకుని లోపలికి వచ్చి, మేడమ్‌కి నమస్కారం పెట్టి, ఇంగ్లీషులో మొదలుపెట్టారు. అది మామూలు ఇంగ్లీషు కాదు, రేడియోలో వార్తలు చదివినట్టుంది.

"అమ్మా, ఉదయం నేను మీకు శుభాకాంక్షలు చెప్పడానికి రాలేదు. తిట్టడానికి వచ్చాను. ఈ అమ్మాయి నా నోట శుభాకాంక్షలు పలికించింది. మీరు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఈ అమ్మాయి దాన్ని క్షమాపణగా మార్చి నాకు అందించింది. రెండూ వృథా పోవడం నాకిష్టం లేదు. అందుకని నా శుభాకాంక్షలు నేనే చెప్పుకుంటూ, మీ పిలుపు అందుకుంటూ వచ్చాను."

నేలలో పగులు కోసం వెతుక్కున్నాను. "మాస్టారూ, మీకు ఇంగ్లీషు వచ్చా?" అన్నాను.

"ముప్పై ఆరేళ్లు కాలేజీలో అదే చెప్పానమ్మాయ్. రిటైరయ్యాక మానేశాను. ఎవరూ అడగలేదు."

మేడమ్ నన్ను చూశారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. "నాకు అనుమానంగానే ఉంది. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ జనం నన్నూ, నా కూతుర్నీ దేవతలంటారు. ఒక్కరైనా వేరే మాట అనరేమా అనుకునేదాన్ని" అన్నారు. మాస్టారి భార్య గిన్నె మూత తీసి బల్ల మీద పెట్టారు. పులిహోర. బుజ్జమ్మ వేలితో లెక్కపెట్టి, పన్నెండు అని వాళ్ల భాషలో అరిచింది. పిలవని అతిథి కంచం ఒకటే కాబట్టి ఇంకోటి వేసి ఇద్దరినీ కూర్చోబెట్టాం. పోస్టుకార్డంత పలచటి తెల్ల అప్పాన్ని, వాళ్ల ఊరి నుంచి వచ్చినదాన్ని, తలా ఒక ముక్క విరుచుకుని ఒకరికొకరు మంచి కోరుకోవడం వాళ్ల ఆచారం. గుడ్డు కలవలేదని రూఢి చేసుకున్నాక మాస్టారూ విరిచారు. ఎర్రటి చారు ఒక చెంచా నోట్లో వేసుకుని ఆయన భార్య, "బావుందమ్మా, చిటికెడు ఇంగువ పడితే ఇంకా లేచేది" అన్నారు. ఏమన్నారని మేడమ్ నన్ను అడిగారు. బల్ల చుట్టూ ఉన్న అందరూ నా నోటి వైపే చూశారు. ఉన్నదున్నట్టు చెప్పాను. మేడమ్ వెంటనే ఇంగువ అంటే ఏమిటో చూపించమన్నారు. భోజనాలయ్యాక మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని బాత్‌రూము గుమ్మం దాకా వెళ్లి, గంగాళంలోకి తొంగి చూసి, "మా దేవుళ్లకి అభిషేకం చేసిన మహానుభావుడు ఈయనేనా?" అన్నారు. "పేరు బంగారు" అంది బుజ్జమ్మ, ఆయనకి తెలుగులో.

పండగ మర్నాడు మావయ్య వచ్చి చేపని వెనక్కి తీసుకెళ్లాడు. పేరు పెట్టిన చేపని వలేసి పట్టి అమ్మడం ఎట్టాగని గింజుకుని, చివరికి ఇంటి వెనక చిన్న గుంటలో వదిలాడు. మేడమ్ టిక్కెట్లు కొనలేదు. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, అంతే. నెలకోసారి కైకలూరు వెళ్లేవాళ్లం. బుజ్జమ్మకి తెలుగు ఎంత బాగా వచ్చిందంటే, రెండో ఏడు వచ్చేసరికి కూరగాయలాయనతో "ఏం బాబాయ్, వంకాయల్లో పుచ్చులు కలిపేత్తన్నావేంటి?" అని నిలదీసేది. అది అచ్చం మావయ్య యాస. మాస్టారి దగ్గర గ్రాంథికం కూడా నేర్చుకుని, లిఫ్టు పక్కన నోటీసులు చదివి వాచ్‌మన్‌కి అర్థం చెప్పేది.

ఇంజనీరు గారి పని పూర్తయ్యాక గన్నవరం విమానాశ్రయానికి నేనే సాగనంపడానికి వెళ్లాను. లోపలికి వెళ్లే తలుపు దగ్గర మేడమ్ నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఇంగ్లీషు ఏరుకునే ఓపిక లేక కాబోలు, వాళ్ల భాషలోనే చాలాసేపు మాట్లాడారు. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను బుజ్జమ్మ వైపు తిరిగి, "అమ్మ ఏమంటోంది?" అని అడిగాను.

తొమ్మిదేళ్ల బుజ్జమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పెదవి వణికింది, కొరుక్కుంది. "ఏం లేదక్కా. నువ్వు బాగా లావయ్యావంట. రాత్రిపూట అన్నం మానెయ్యమంటంది" అంది.

నేను, మీరు లేకపోతే నాకు ఈ ఊళ్లో ఆదివారాలు ఎలా గడుస్తాయో తెలియడం లేదని మీ అమ్మకి చెప్పమన్నాను. బుజ్జమ్మ గంభీరంగా తలూపి వాళ్లమ్మకి ఏదో చెప్పింది. మేడమ్ ఏడుస్తూ ఏడుస్తూనే పకపకా నవ్వేశారు. నేను చెప్పినదాంట్లో నవ్వాల్సిన మాట ఒక్కటీ లేదు. అలా నవ్వుతూనే ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను అనువాదమే వృత్తిగా బతుకుతున్నాను. కామా కూడా పొల్లు పోనివ్వనని నాకు పేరుంది. ఆ రోజు మేడమ్ అసలేమన్నారో, బుజ్జమ్మ నా మాటగా ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. కాలేజీలో చదువుతున్న ఆ పిల్ల అప్పుడప్పుడు ఫోన్ చేస్తూనే ఉంటుంది, అడిగితే చెబుతుందేమో. అడగబుద్ధి కాదు. ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయిని తలుచుకుని నవ్వుకుంటాను, అంతే. లావయ్యానన్న మాట మాత్రం నిజమే.